క్వాక్ అంటే బాతు కాదు: దొంగ వైద్యుడి పేరు వెనక ఉన్న కథ

ఈ రోజు ఎపిసోడ్ అంతా ఒకే ఒక్క మాట గురించి. ఆ మాట 'క్వాక్'.

పేపర్లో చూసే ఉంటారు. ఎక్కడో ఒక క్లినిక్ మీద అధికారులు దాడి చేస్తారు, డిగ్రీ లేకుండా ఇంజెక్షన్లు వేస్తున్నాడని ఒకతన్ని పట్టుకుంటారు. తెలుగు పేపర్ 'నకిలీ డాక్టర్' అని రాస్తుంది, ఇంగ్లీష్ పేపర్ 'క్వాక్' అని రాస్తుంది. ఇంగ్లీష్ మీడియం పిల్లలకి క్వాక్ అంటే బాతు అరుపు. మరి దొంగ డాక్టర్‌కీ బాతుకీ ఏంటి సంబంధం?

నేరుగా ఏ సంబంధమూ లేదు. కానీ అసలు కథ అంతకంటే బాగుంటుంది. దాదాపు 450 ఏళ్ల కిందట ఈ మాట ఇంగ్లీష్‌లోకి వచ్చినప్పుడు, అందులో డిగ్రీ గురించి ఏమీ లేదు. మందు మంచిదా చెడ్డదా అనేదీ లేదు. అందులో ఉన్నదల్లా ఒక మనిషి నోరు, అతని చేతిలో ఒక లేపనం. మీ ఫోన్‌లో ఇప్పుడు తిరుగుతున్న హెల్త్ రీల్స్‌ని అర్థం చేసుకోడానికి ఆ పాత అర్థమే ఎక్కువ పనికొస్తుందని నాకనిపిస్తుంది. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

సరే, విషయంలోకి వెళ్దాం.

ఈ మాట పుట్టిల్లు నెదర్లాండ్స్. డచ్ భాషలో 'క్వాక్‌సాల్వర్' అని ఒక పదం ఉంది. దాన్ని రెండు ముక్కలు చేయండి. 'క్వాక్' అంటే వాగడం, గొప్పలు చెప్పుకోవడం. 'సాల్వర్' అంటే లేపనాలు రాసేవాడు, అంటే పైపూత మందులవాడు. రెండూ కలిపితే, తన పూత మందు గురించి పెద్ద గొంతుతో గొప్పలు చెప్పుకునేవాడు.

తెలుగులో దీనికి సరిపోయే మాట నాకు ఒకటి దొరికింది. మనం గొప్పలు చెప్పుకునేవాణ్ని ఏమంటాం? 'సొంత డబ్బా కొట్టుకుంటున్నాడు' అంటాం. లేపనం ఎందులో అమ్ముతారు? అదీ డబ్బాలోనే. కాబట్టి క్వాక్‌సాల్వర్‌ని తెలుగులో 'డబ్బా డాక్టర్' అంటే రెండు అర్థాలూ వచ్చేస్తాయి. ఇది నేను కల్పించిన మాట, నిఘంటువులో వెతక్కండి.

1500ల చివరి భాగంలో ఈ డచ్ మాట ఇంగ్లీష్‌లోకి వెళ్లింది. అప్పట్లో సముద్రం అటూ ఇటూ వ్యాపారులు, సైనికులు, శరణార్థులు తెగ తిరిగేవాళ్లు. వాళ్లతో పాటే మాటలూ తిరిగాయి. 1600ల మొదటి సగంలోనే 'క్వాక్‌సాల్వర్' తోక తెగిపోయి 'క్వాక్' మిగిలింది. మనం 'మొబైల్ ఫోన్'ని 'మొబైల్' చేసినట్టు.

మరి బాతు సంగతి? బాతు అరుపుకి పెట్టిన 'క్వాక్' ఆ శబ్దాన్ని అనుకరిస్తూ విడిగా పుట్టిన మాట. డచ్ వాగుడు 'క్వాక్' కూడా అలాగే, చప్పుడుని అనుకరిస్తూ పుట్టినదే. ఇద్దరికీ పోలిక ఉంది గానీ, డాక్టర్ బాతు నుంచి దిగలేదు.

ఇక్కడ ఇంకో కథ కూడా ఇంటర్నెట్‌లో బాగా తిరుగుతుంది. 'క్వాక్‌సాల్వర్ అంటే క్విక్‌సిల్వర్, అంటే పాదరసం. అప్పట్లో సిఫిలిస్‌కి పాదరసం లేపనం రాసేవాళ్లు, అందుకే ఆ పేరు' అంటారు. వినడానికి చాలా బాగుంది. పదాల చరిత్ర చూసేవాళ్లు మాత్రం దీన్ని ఒప్పుకోరు. డచ్‌లో పాదరసాన్ని 'క్విక్‌జిల్వర్' అంటారు. అది వేరే మాట, ఇది వేరే మాట. పైగా లాజిక్ కూడా కుదరదు. పాదరసం లేపనం రాసింది దొంగ వైద్యులు మాత్రమే కాదు, యూనివర్సిటీలో చదివిన పెద్ద డాక్టర్లూ రాశారు. 1910లో సల్వర్సాన్ అనే కొత్త మందు వచ్చేదాకా సిఫిలిస్‌కి పాదరసమే ముఖ్యమైన చికిత్స. అందరూ వాడే మందుని పట్టుకుని కొందరికే తిట్టు పేరు ఎందుకు పెడతారు? ఆ పేరు మందుని బట్టి రాలేదు, మాటని బట్టి వచ్చింది.

ఇంతకీ ఈ డబ్బా డాక్టర్ ఎలా ఉండేవాడు? మనకి ఫోటోలు లేవు కానీ అద్భుతమైన పెయింటింగ్స్ ఉన్నాయి. డచ్ చిత్రకారుడు గెరిట్ డౌ 1652లో గీసిన 'క్వాక్‌సాల్వర్' అనే బొమ్మ రాటర్‌డామ్‌లోని మ్యూజియంలో ఉంది. ఫోన్‌లో వెతికి జూమ్ చేసి చూడండి. ఊరి బయట ఒక బల్ల, దాని పైన గొడుగు. బల్ల మీద సీసాలు, ఒక కోతి, పెద్ద ముద్ర వేసిన పత్రం. ఆ పత్రమే అప్పటి సర్టిఫికెట్. దాన్ని జనానికి కనపడేలా వేలాడదీశాడు. చుట్టూ జనం నోళ్లు తెరుచుకుని వింటున్నారు. ముందు వైపు ఒక తల్లి పసిబిడ్డకి ముడ్డి కడుగుతోంది. అతని మాటల విలువ ఎంతో చెప్పడానికే చిత్రకారుడు దాన్ని అక్కడ పెట్టాడని చాలామంది అంటారు. వెనక కిటికీలోంచి చేతిలో రంగుల పలకతో ఒకాయన మనవైపు చూస్తుంటాడు. ఆయనే గెరిట్ డౌ. తనని తాను బొమ్మలో పెట్టుకున్నాడు.

గొడుగు, బల్ల, కోతి, సర్టిఫికెట్, చుట్టూ జనం. ఒకప్పటి మన సంతలు, బస్టాండ్లు గుర్తొస్తున్నాయి కదా!

ఇలాంటి వైద్యుడికి యూరప్‌లో ఉన్న మిగతా పేర్లు కూడా చూడండి. ఇంగ్లీష్‌లో 'మౌంటీబ్యాంక్' అని ఒక మాట ఉంది. అది ఇటాలియన్ నుంచి వచ్చింది, 'బల్ల ఎక్కేవాడు' అని అర్థం. జనానికి కనపడాలంటే బల్ల ఎక్కి మాట్లాడాలి కదా, అందుకని. ఇంకోటి 'షార్లటన్'. అదీ ఇటాలియన్ నుంచే, ఫ్రెంచ్ మీదుగా వచ్చింది. ఇటలీలోని ఉంబ్రియా ప్రాంతంలో చెరెతో అని ఒక ఊరు ఉంది. ఆ ఊరి వాళ్లు దేశమంతా తిరిగి మందులు, మహిమలు అమ్మేవాళ్లని పేరు. ఆ ఊరి పేరూ, వాగడం అనే అర్థమున్న 'చర్లారే' అనే మాటా కలిసిపోయి ఈ పదం పుట్టింది.

ఇప్పుడు మూడు మాటల్నీ పక్కపక్కన పెట్టండి. క్వాక్ అంటే డబ్బా కొట్టేవాడు. మౌంటీబ్యాంక్ అంటే బల్ల ఎక్కి అరిచేవాడు. షార్లటన్ అంటే ఊరూరా తిరిగి వాగేవాడు. మూడింట్లోనూ 'చదువు లేనివాడు' అన్న అర్థం లేదు, 'విషం ఇచ్చేవాడు' అన్న అర్థమూ లేదు. మూడూ గొంతు గురించే. జనం ముందుగా గుర్తుపట్టిన లక్షణం అది.

'ఇదంతా వాళ్ల గోల, మన దగ్గర ఇలాంటివి లేవా' అని అడుగుతారేమో. ఉన్నాయి, ఇంకా పాతవి ఉన్నాయి. ఆయుర్వేదానికి మూల గ్రంథం చరక సంహిత. అందులో వైద్యుల్ని మూడు రకాలు చేశారు. మొదటివాడు ఛద్మచరుడు, అంటే వేషధారి. మందుల సంచి, పుస్తకాలు, వైద్యుడి వాలకం అన్నీ ఉంటాయి, విద్య ఉండదు. రెండోవాడు సిద్ధసాధితుడు. పేరున్న పెద్దవాళ్లతో పరిచయం చూపించి, వాళ్ల పేరు మీద తనూ పెద్దవాడిలా చెలామణి అయ్యేవాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే సెలబ్రిటీతో ఫోటో దిగి గోడకి తగిలించేవాడు. మూడోవాడు అసలైన వైద్యుడు.

అదే గ్రంథంలో ఇంకోచోట ప్రాణాభిసరులు, రోగాభిసరులు అని రెండు పేర్లు వస్తాయి. మొదటివాళ్లు ప్రాణాన్ని నిలబెట్టేవాళ్లు, రెండోవాళ్లు రోగం వైపు నిలబడేవాళ్లు. ఈ రోగాభిసరుడి వర్ణన చదివితే నవ్వొస్తుంది, భయమూ వేస్తుంది. ఎవరికో జబ్బు చేసిందని వినగానే వాలిపోతాడు. ఆ ఇంటివాళ్ల చెవిన పడేలా తన గొప్పలు గట్టిగా చెప్పుకుంటాడు. అప్పటికే చూస్తున్న వైద్యుడి తప్పులు ఎంచుతాడు. రోగం తగ్గకపోతే నెపం రోగి మీదకి తోస్తాడు, పథ్యం చేయలేదంటాడు, మనసు నిలుపుకోలేదంటాడు. మనిషి పోయేలా ఉన్నాడని తెలియగానే అక్కణ్నుంచి జారుకుంటాడు. నలుగురు పండితులు కూర్చున్న చోటికి మాత్రం పోడు. అతని గురువు ఎవరో, తోటి విద్యార్థి ఎవరో ఎవరికీ తెలియదు.

సుశ్రుత సంహిత ఇంకో అడుగు ముందుకేసింది. చెడ్డ వైద్యుడు అత్యాశతో జనాన్ని చంపుతున్నాడంటే అది రాజు తప్పు అంది. అంటే పర్యవేక్షించాల్సిన ప్రభుత్వం నిద్రపోతోందని అర్థం.

గమనించారా? యూరప్ మాటల్ని చూడకుండానే, ఎన్నో శతాబ్దాల ముందే, ఇక్కడివాళ్లు కూడా ముందుగా పట్టుకున్నది అదే లక్షణం. గొంతు. దాని తర్వాత మిగతావి: ఇంకో వైద్యుణ్ని తిట్టడం, ఫలితం రాకపోతే రోగి మీదకి తోయడం, జవాబు చెప్పాల్సిన టైమ్‌కి మాయం కావడం.

ఇప్పుడు మళ్లీ లండన్ వెళ్దాం. ఇక్కడ కథ కొంచెం చిక్కుపడుతుంది, జాగ్రత్తగా వినండి.

ఇంగ్లండ్‌లో 1511లో వైద్యులకి లైసెన్స్ ఉండాలని చట్టం వచ్చింది. 1518లో ఫిజీషియన్ల కాలేజీ పెట్టారు. అంటే ఎవరు డాక్టర్, ఎవరు కాదు అనే గీత అప్పుడే పడటం మొదలైంది. కానీ 1540ల్లో ఎనిమిదో హెన్రీ కాలంలోనే ఇంకో చట్టం వచ్చింది. మూలికల గురించి తెలిసిన మామూలు మనుషులు పైపుండ్లకి, వాపులకి వైద్యం చేస్తే వాళ్లని వేధించకూడదని. ఎందుకంటే లైసెన్స్ ఉన్న సర్జన్లు డబ్బు మీదే ధ్యాస పెట్టి పేదవాళ్లని పట్టించుకోవడం లేదని ఆ చట్టమే చెప్పింది. తర్వాత కాలంలో డాక్టర్లు కోపంతో ఆ చట్టానికి ఏం పేరు పెట్టారో తెలుసా? 'క్వాక్‌ల చార్టర్'.

చూశారా, మాట చేతులు మారుతోంది. మొదట్లో 'క్వాక్' అంటే గొప్పలు చెప్పుకునేవాడు. ఇప్పుడు డిగ్రీ ఉన్నవాళ్లు డిగ్రీ లేని ప్రతివాణ్నీ ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టారు. ఊళ్లో ఆకుపసరు రాసే ముసలమ్మ కూడా క్వాకే అయిపోయింది.

అలాగని డిగ్రీ ఉన్నవాళ్ల వైద్యం బాగుందా? 1685 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ జబ్బుపడ్డాడు. దేశంలో ఉన్న గొప్ప డాక్టర్లందరూ వచ్చారు. రక్తం తీశారు, తల గొరిగి బొబ్బలెక్కే మందులు రాశారు, విరేచనాలు చేయించారు. కొన్ని రోజులు అలా నడిచి 6వ తారీఖున రాజు చనిపోయాడు. ఇది దొంగ వైద్యుల పని కాదు, అప్పటి బెస్ట్ ట్రీట్‌మెంట్ అదే!

దీనికి కొన్నేళ్ల ముందు, 1670ల్లో, ఒక సరదా సంఘటన జరిగింది. రోచెస్టర్ ప్రభువు అని ఒక కవి, రాజుగారి స్నేహితుడు. ఒక గొడవ తర్వాత కొన్నాళ్లు కనపడకుండా ఉండాల్సి వచ్చి, మారువేషం వేసి 'డాక్టర్ అలెగ్జాండర్ బెండో' అన్న పేరుతో లండన్‌లో టవర్ హిల్ దగ్గర దుకాణం పెట్టాడు. కరపత్రం కూడా అచ్చు వేయించాడు. ఆయనకి వైద్యం రాదు, వచ్చిందల్లా మాటలే. జనం వచ్చారు!

ఇక నాకు బాగా ఇష్టమైన భాగం. 1736లో విలియం హోగార్త్ అనే చిత్రకారుడు ఒక వ్యంగ్య చిత్రం అచ్చు వేశాడు. పేరు 'ది కంపెనీ ఆఫ్ అండర్‌టేకర్స్', అంటే శవాలకి అంత్యక్రియలు జరిపించే వాళ్ల కంపెనీ. పేరులోనే వాత పెట్టాడు. అందులో పై వరసలో ముగ్గురు ఫేమస్ క్వాక్‌లు. కింద పన్నెండుమంది విగ్గులు పెట్టుకున్న డిగ్రీ డాక్టర్లు, చేతికర్రలు పట్టుకుని, సీసాలో మూత్రం చూస్తూ గంభీరంగా ఉంటారు. ఆ పైవాళ్లూ ఈ కిందవాళ్లూ ఒకే కంపెనీ అన్నమాట.

ఆ ముగ్గురి కథలు వేరువేరు. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదట మధ్యలో ఉన్న శారా మ్యాప్. ఎప్సమ్ ఊరికి చెందిన ఎముకలు సరిచేసే ఆవిడ. చదువు లేదు, డిగ్రీ లేదు. మనిషి మోటు, నోరు పెద్దది. కానీ జారిన కీళ్లని, విరిగిన ఎముకల్ని నిజంగా సరిచేసేది. చిత్తూరు వైపు పుత్తూరులో ఎముకలకి కట్టు కట్టే వాళ్ల దగ్గరికి మనవాళ్లు ఎప్పట్నుంచో వెళ్తున్నారు కదా, ఆ తరహా చేతి పనితనం. అప్పటి డాక్టర్ల లెక్కలో మాత్రం ఆవిడ క్వాక్.

రెండోవాడు జాషువా వార్డ్. ఒకే మాత్ర, ఒకే చుక్కల మందు, అన్ని రోగాలకీ అవే. అందులో ఆంటిమొనీ అనే విష లోహం ఉండేది. తాగితే వాంతులు, విరేచనాలు. 'చూశావా, లోపలున్న రోగం బయటికి పోతోంది' అనేవాళ్లు. రెండో జార్జి రాజు బొటనవేలు బెణికితే దాన్ని సరిచేశాడు, అంతే, రాజాదరణ వచ్చేసింది. చరకుడు చెప్పిన రెండో రకం గుర్తుందా? పెద్దవాళ్ల పరిచయంతో పెద్దవాడయ్యేవాడు.

మూడోవాడు జాన్ టేలర్. ఇతని మీద కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

టేలర్ చదువు లేనివాడు కాదు. లండన్‌లో విలియం చెసెల్డెన్ అనే గొప్ప సర్జన్ దగ్గర నేర్చుకున్నాడు. కంటి మీద పుస్తకాలు రాశాడు. రాజుగారి కంటి వైద్యుడన్న పదవి కూడా ఉంది. ఇప్పటి భాషలో ప్రొఫైల్ అదిరిపోయింది. కానీ అతని పద్ధతి చూడండి. కళ్ల బొమ్మలు వేసిన గుర్రపు బండిలో యూరప్ అంతా తిరిగేవాడు. ఊరికి రాగానే ప్రచారం. ఆపరేషన్‌కి ముందు జనం ఎదుట పెద్ద ఉపన్యాసం. అప్పుడు శుక్లం వచ్చిన కంట్లోకి సూది దింపి, మసకబారిన పొరని లోపలికి నెట్టేసేవాడు. ఈ పద్ధతి కొత్తది కాదు, మన సుశ్రుత సంహితలో కూడా ఉంది. సరిగా చేస్తే కొంతమందికి కొంత చూపు వచ్చేది. ఆ తర్వాత కంటికి కట్టు కట్టి, కొన్ని రోజులదాకా విప్పొద్దని చెప్పేవాడు. కట్టు విప్పే రోజుకి బండి ఇంకో ఊళ్లో ఉండేదని అతని గురించి బాగా చెప్పుకునే మాట.

1750లో ఈ బండి జర్మనీలోని లైప్‌జిగ్ చేరింది. అక్కడ చూపు మందగించిన ఒక పెద్దాయన ఉన్నాడు. పేరు యోహాన్ సెబాస్టియన్ బాఖ్. ప్రపంచ సంగీత చరిత్రలో అతి పెద్ద పేర్లలో ఒకటి. టేలర్ ఆయనకి రెండుసార్లు ఆపరేషన్ చేశాడు. బాఖ్‌కి చూపు రాలేదు సరికదా, ఆరోగ్యం కూడా పాడైంది. కొన్ని నెలలకే, జులై 28న, 65 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఎనిమిదేళ్ల తర్వాత 1758లో అదే టేలర్ ఇంకో మహా సంగీతకారుడు హాండెల్ కళ్లకీ చికిత్స చేశాడు. హాండెల్‌కీ చూపు రాలేదు, మరుసటి ఏడాది ఆయనా పోయాడు.

ఇప్పుడు చెప్పండి. శారా మ్యాప్‌కి డిగ్రీ లేదు, చేతిలో పని ఉంది. టేలర్‌కి శిక్షణ ఉంది, పదవి ఉంది, అయినా అతను వెళ్లాక వెనక మిగిలింది గుడ్డితనం. డిగ్రీ ఒక్కటే కొలత అయితే ఈ ఇద్దర్నీ మనం తప్పుగా అంచనా వేస్తాం. పాత డచ్ అర్థంతో కొలవండి. ఎవరు డబ్బా కొడుతున్నారు? ఎవరు ఫలితం చూడకుండా పోతున్నారు? అప్పుడు టేలర్ వెంటనే దొరికిపోతాడు.

తర్వాతి శతాబ్దంలో పేపర్లు, ప్రకటనలు బాగా పెరిగాయి. బల్ల ఎక్కే అవసరం తగ్గింది. అమెరికాలో క్లార్క్ స్టాన్లీ అని ఒకాయన, 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో జనం ముందు పాముల్ని చంపి 'పాము నూనె' అమ్మాడు. కీళ్లనొప్పులు, వాతం, అన్నిటికీ అదే. ప్రభుత్వం దాన్ని పరీక్షించేసరికి 1916 వచ్చింది. అందులో ఉన్నది మినరల్ ఆయిల్, కొంచెం జంతువుల కొవ్వు, కొంచెం మిరప. పాము లేదు! జరిమానా ఎంతో తెలుసా? 20 డాలర్లు. ఇప్పటికీ ఇంగ్లీష్‌లో మోసపు సరుకుని 'స్నేక్ ఆయిల్' అంటారు.

క్వాక్‌సాల్వర్ అనే మాట పుట్టిన నెదర్లాండ్స్‌లోనే 1881లో, అలాంటి వైద్యులకి వ్యతిరేకంగా డాక్టర్లు ఒక సంఘం పెట్టుకున్నారు. అది ఇప్పటికీ ఉంది. ఆ సంఘం వల్ల ఈ మాట ఏకంగా కోర్టు మెట్లెక్కింది. గత శతాబ్దపు పెద్ద క్వాక్‌ల జాబితా అని సంఘం ఒకటి వేస్తే, అందులో పేరున్న ఒక వైద్యురాలు కేసు పెట్టింది. 2007లో ఆమ్‌స్టర్‌డామ్ అప్పీలు కోర్టు ఆవిడ వైపు మొగ్గింది. మామూలు జనానికి, నిఘంటువుకి ఆ మాట అంటే మోసగాడు. ఆవిడ కావాలని మోసం చేసిందని ఎవరూ రుజువు చేయలేదు కదా అని. సంఘం వాదన వేరు: 'రుజువు లేని వైద్యం చేసేవాళ్లు మా లెక్కలో క్వాక్‌లే, వాళ్లు దాన్ని మనస్ఫూర్తిగా నమ్మినా సరే'. చివరికి 2009లో ఆ దేశ సుప్రీంకోర్టు అప్పీలు కోర్టు తీర్పుని కొట్టేసింది.

ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న. తన మందు పనిచేస్తుందని నిజంగా నమ్మి, తప్పుడు వైద్యం చేసేవాడు క్వాకా, కాదా? రోగి వైపు నుంచి చూస్తే తేడా ఏముంది?

మన సుప్రీంకోర్టు ముందుకీ ఈ మాట వచ్చింది. 1996లో ఒక కేసు. హోమియోపతి చదివిన వ్యక్తి జ్వరం వచ్చిన రోగికి అల్లోపతి మందులు ఇచ్చాడు, ఆ రోగి చనిపోయాడు. కోర్టు ఏమందంటే, ఒక వైద్య విధానం గురించి తెలియకుండా ఆ విధానంలో వైద్యం చేసేవాడు క్వాక్, షార్లటన్ అని. అంటే ఏదో ఒక డిగ్రీ ఉంటే సరిపోదు, చేస్తున్న పనికి సంబంధించిన చదువు ఉండాలి. 2019లో వచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం ప్రకారం అర్హత లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అంతకు ముందే 1954లో మహిమల మందుల ప్రకటనల మీద నిషేధ చట్టం వచ్చింది. సుశ్రుతుడు అడిగిన రాజు కాగితం మీద మాత్రం మేలుకునే ఉన్నాడు.

ఇక మన ఆర్‌ఎంపీల మాట. ఈ పేరు చరిత్ర కూడా తమాషాగా ఉంటుంది. ఆర్‌ఎంపీ అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే ప్రభుత్వ పట్టికలో పేరున్న డాక్టర్. ఇంగ్లండ్‌లో 1858 వైద్య చట్టంతో డాక్టర్ల రిజిస్టర్ మొదలైంది, ఆ పద్ధతే మన దేశానికీ వచ్చింది. కానీ తెలుగు ఊళ్లలో ఆర్‌ఎంపీ అంటే ఎవరు? ఏ పట్టికలోనూ పేరు లేనివాడు! కొందరు దాన్ని 'రూరల్ మెడికల్ ప్రాక్టీషనర్' అని కూడా విప్పి చెప్తారు. మాట తలకిందులైపోయింది.

మరి ఊరి ఆర్‌ఎంపీ క్వాకా? చట్టం అవుననే అంటుంది. నేను కూడా కాదని చెప్పను. అవసరం లేని యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే జరిగే నష్టం చిన్నది కాదు. కానీ రాత్రి రెండింటికి పిల్లాడికి జ్వరం వస్తే, పెద్దాసుపత్రి దూరంలో ఉంటే, తలుపు తడితే లేచి వచ్చేవాడు అతనే. అతను అదే ఊళ్లో ఉంటాడు, రేపు పొద్దున మళ్లీ మీకు కనపడతాడు. అందుకే అతన్ని తిట్టి ఊరుకుంటే సరిపోదు. ఆ ఊరికి అసలు డాక్టర్ ఎందుకు రాలేదన్న ప్రశ్న కూడా వేయాలి. 1540ల్లో ఇంగ్లండ్ చట్టం వేసిన ప్రశ్న కూడా అదే.

ఈ రోజు నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం ఊరి ఆర్‌ఎంపీ కాదు. టేలర్ బండి ఎక్కి వచ్చేవాడు. ఇప్పుడా బండి మన జేబులో ఉంది. మీకు వాడు తెలుసు గానీ, వాడికి మీరెవరో తెలియదు. 'ఈ కషాయం 21 రోజులు తాగండి, షుగర్ మాత్రలు అవతల పారేయండి' అంటాడు. మీ అమ్మ వింటుంది, మీ నాన్న వింటాడు. టైప్ వన్ డయాబెటిస్ ఉన్నవాళ్లు ఇన్సులిన్ ఆపేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదకి వస్తుంది. క్యాన్సర్ మొదటి దశలో ఉన్నవాళ్లు ఆరు నెలలు ఆకుల రసంతో గడిపేస్తే, ఆ ఆరు నెలలు మళ్లీ రావు. కట్టు విప్పే రోజుకి బండి వెళ్లిపోయి ఉంటుంది.

అందుకే ఆ పాత మాటలు మనకి నేర్పినవి కొన్ని ప్రశ్నలుగా మార్చుకుందాం.

ఒకే మందు అన్ని రోగాలకీ అంటున్నాడా? అది వార్డ్ మాత్ర.

మందు గురించి ఎక్కువ చెప్తున్నాడా, తన గురించి, తనకి తెలిసిన పెద్దవాళ్ల గురించి ఎక్కువ చెప్తున్నాడా? అది సిద్ధసాధితుడు.

మిగతా డాక్టర్లందరూ దొంగలే, నేనొక్కణ్నే నిజం చెప్తున్నా అంటున్నాడా? అది రోగాభిసరుడు.

తగ్గకపోతే 'మీరు సరిగా వాడలేదు' అంటాడా? అదీ అతనే.

తేడా వస్తే రేపు అతన్ని ఎక్కడ పట్టుకోవాలో మీకు తెలుసా? తెలియకపోతే అది టేలర్ బండి.

ఈ ప్రశ్నలు తెల్లకోటు వేసుకున్నవాళ్లకి కూడా వర్తిస్తాయి. డిగ్రీ ఉండటం తప్పనిసరి, మొదటి మెట్టు అది. కానీ కెమెరా ముందు గోడకి వేలాడే డిగ్రీని చూడగానే ఆగిపోకండి. గెరిట్ డౌ బొమ్మలో ముద్ర వేసిన పత్రం కూడా జనానికి కనపడేలాగే వేలాడుతోంది.

మంచి డాక్టర్‌ని ఎప్పుడైనా గమనించారా? ఎక్కువగా వింటాడు. 'చూద్దాం' అంటాడు, 'టెస్ట్ చేశాక చెప్తా' అంటాడు, 'వారం తర్వాత మళ్లీ రండి' అంటాడు. వైరల్ అయ్యే మాటలు కావు ఇవి. 15 సెకన్ల రీల్‌లో వీటికి చోటుండదు.

ఇంట్లో పెద్దవాళ్లు అలాంటి వీడియో ఏదైనా మీకు చూపిస్తే, వాళ్లని వెక్కిరించకండి. పక్కన కూర్చుని ఆ ఐదు ప్రశ్నలూ కలిసి అడగండి. వాడుతున్న మందు ఏదైనా సరే, చూస్తున్న డాక్టర్‌ని అడగకుండా ఆపనివ్వకండి. ఈ ఎపిసోడ్‌ని షేర్ చేయాలనిపిస్తే ముందు మీ ఫ్యామిలీ గ్రూప్‌లోనే చేయండి, అవసరం అక్కడే ఎక్కువ. మళ్లీ ఇంకో మాట కథతో కలుద్దాం. ఉంటాను.